1962: నోటీసు ఇవ్వకుండా పాతిన హద్దురాయి

2025 ఆగస్టులో చైనా విదేశాంగ మంత్రి వాంగ్ యీ ఢిల్లీ వచ్చినప్పుడు రెండు దేశాలూ ఒక మాట మీదకు వచ్చాయి. సరిహద్దులో ముందుగా తేల్చుకోగల ముక్కలేవో చూడటానికి నిపుణుల బృందం వేయాలన్నారు. టీవీ చర్చల్లో విమానాలు, వీసాలు, ఎరువుల దిగుమతుల మధ్య ఈ సంగతి కొట్టుకుపోయింది. ఆ పర్యటన మొత్తంలో అసలు పట్టించుకోవలసింది ఇదొక్కటే. 1962 యుద్ధానికి నిప్పు రాజుకున్నది ఇలాంటి బృందం చేయాల్సిన పని పూర్తి కాకముందే మనం తొందరపడి ఒక పోస్టు పెట్టడం వల్ల. చైనా ద్రోహం, నెహ్రూ అమాయకత్వం అనే రెండు మాటల మధ్యే అరవై ఏళ్లుగా వాదించుకుంటూ ఈ అసలు సంగతిని వదిలేశాం.

గుంటూరు, విజయవాడ కోర్టుల్లో భూమి దావాలు నడిపే ఏ వకీలునైనా అడగండి. దస్తావేజులో రాసిన విస్తీర్ణానికీ చెక్కుబందీకీ, అంటే నాలుగు దిక్కుల హద్దుల వివరానికీ, తేడా వస్తే సాధారణంగా చెక్కుబందీదే పైచేయి. ఎకరం అరవై సెంట్లని రాసి, తూర్పున డొంక, పడమర కాలువ అని హద్దులు చెబితే, డొంకకూ కాలువకూ మధ్య ఎంత ఉంటే అంత. అంకె తప్పు రాయొచ్చు, కాలువ తప్పు చెప్పదు కదా అన్నది దాని వెనకున్న తర్కం.

హిమాలయాల్లో భారత్ చేసిన వాదన సరిగ్గా ఇదే. 1914లో సిమ్లా సమావేశం సందర్భంగా, తూర్పున టిబెట్‌తో మన హద్దుగా మెక్‌మహాన్ రేఖను గీసింది అంగుళానికి 8 మైళ్ల స్కేలు మ్యాపు మీద, రెండు షీట్లలో, ఎర్ర సిరాతో. నీళ్లు రెండు వైపులకూ విడిపోయే ఎత్తయిన కొండ శిఖరాల వరుసే హద్దు అన్నది ఆ గీత వెనక సూత్రం. పడమటి కొసన, భూటాన్ పక్కన, ఆ శిఖరాల వరుస థగ్లా. అక్కడి కొండలు సర్వేయర్లకు అప్పటికి సరిగా తెలియవు. దాంతో మ్యాపు మీద ఎర్రగీత థగ్లాకు దక్షిణంగా మూడు నాలుగు మైళ్ల అవతల పడింది. ఆ స్కేలులో అది అర అంగుళానికి మించదు. గీత ఎక్కడున్నా కొండే హద్దు అని మనం అన్నాం. ఆ రేఖనే ఒప్పుకోం, ఒప్పుకున్నా మీరు గీసిన గీత దాటి మీరే వచ్చారు కదా అని చైనా అంది.

వాదనగా మనది గట్టిదే. అందులో నాకు సందేహం లేదు. అయితే గట్టి వాదన ఉన్నంత మాత్రాన రాయి పాతేయమని ఏ చట్టమూ చెప్పదు. మన సర్వే, హద్దుల చట్టం 1923 నాటిది. అందులో వరుస చూడండి. ముందు 9(2) నోటీసు. పక్క పట్టాదారు అభ్యంతరం చెబితే 10వ సెక్షన్ కింద విచారించి కారణాలతో సహా ఉత్తర్వు. దాని మీద 11 కింద అప్పీలు. అన్నీ అయ్యాక 13 కింద తుది నోటిఫికేషన్. అప్పటికీ ఒప్పుకోనివాడు మూడేళ్లలోపు సివిల్ కోర్టుకు పోవచ్చు. బ్రిటిష్ వాళ్లు ఇంత తతంగం పెట్టింది రైతు మీద ప్రేమతో కాదు. నోటీసు లేకుండా రాయి పాతితే ఊళ్లో తలకాయలు పగులుతాయని వాళ్లకు బాగా తెలుసు.

దేశాల మధ్య ఈ వరుస తిరగబడింది. 1954 జూలై వరకు మన అధికారిక మ్యాపుల్లోనే లద్దాఖ్ వైపు హద్దు 'నిర్ధారణ కానిది'గా ఉండేది. ఆ నెల ఒకటో తేదీ మెమోలో నెహ్రూ పాత మ్యాపులు వెనక్కి తీసుకోమని, గట్టి గీతతో కొత్తవి అచ్చు వేయమని, ఆ హద్దు ఎవరితోనూ చర్చకు పెట్టేది కాదని ఆదేశించారు. పక్కవాడికి నోటీసు లేదు. చైనా కూడా తక్కువ తినలేదు. లద్దాఖ్ వైపున్న అక్సాయ్‌చిన్ మీదుగా షిన్‌జియాంగ్ నుంచి టిబెట్‌కు రోడ్డు వేసుకుని 1957లో అయిపోయిందని ప్రకటించుకుంది. మనకు తెలిసింది ఆ తర్వాతే. 1959లో తూర్పున లాంగ్‌జూ పోస్టు దగ్గర, పడమట కొంగ్‌కా కనుమ దగ్గర నెత్తురు పారింది. 1960 ఏప్రిల్‌లో చైనా ప్రధాని చౌ ఎన్‌లై ఢిల్లీ వచ్చారు. తూర్పు మీరుంచుకోండి, పడమర మాకు వదలండి అన్న ధోరణి వినిపించింది, కుదరలేదు. ఆ తర్వాత రెండు దేశాల అధికారులు పెకింగ్, ఢిల్లీ, రంగూన్‌లలో కూర్చుని కాగితాలన్నీ ఒకరి ముందు ఒకరు పరిచారు. నా లెక్కలో ఇది 10వ సెక్షన్ విచారణ. విచారణ అయింది, తీర్పు ఇచ్చేవాడు లేడు. ఆ ఖాళీలోకి 1961 నవంబరులో ఫార్వర్డ్ పాలసీ వచ్చింది. వీలైనంత ముందుకు పోయి చిన్న చిన్న పోస్టులు పెట్టండి, చైనావాళ్లు పోస్టుల జోలికి రారు అన్న భరోసా మీద.

ఆ భరోసా పగిలింది ధోలా పోస్టు దగ్గర.

1962 జూన్ మొదట్లో అస్సాం రైఫిల్స్ జట్టు నామ్‌కా చూ అనే సెలయేటి దక్షిణపు ఒడ్డున ఈ పోస్టు పెట్టింది. ఉత్తరాన నెత్తి మీద థగ్లా కొండ. పైనున్నవాడికి కింద వండుకునే పొయ్యి పొగ కూడా కనిపించే చోటు. అసలు ధోలా అనే కనుమ వేరే దిక్కున ఉంది, పేరు మాత్రం పోస్టుకు తగిలించారు. నాలుగో డివిజన్ కమాండర్ మేజర్ జనరల్ నిరంజన్ ప్రసాద్ మ్యాపు తీసి చూస్తే, సైన్యానికి ఇచ్చిన గీతకు ఈ పోస్టు ఉత్తరాన పడుతోంది. ఇది మన భూమేనా అని పైకి రాశారు. ఆ సందేహం తేలకముందే సెప్టెంబరు 8న చైనా సైనికులు కొండ దిగి పోస్టు చుట్టూ చేరారు. సాయం త్వరగా రావాలని పోస్టు నుంచి 600 మంది అని కబురు పెట్టారు. నిజంగా వచ్చింది అంతమంది కాదు. ఢిల్లీలో మాత్రం ఆ అంకె మీదే నిర్ణయాలు జరిగాయి.

సెప్టెంబరు 22 నాటి కాగితం గురించి ప్రతి పౌరుడికీ తెలియాలి. చైనావాళ్లను అక్కడి నుంచి ఖాళీ చేయించమని ప్రభుత్వం నోటిమాటగా చెబితే, సైన్యాధిపతి జనరల్ థాపర్ రాతపూర్వకంగా ఇవ్వమన్నారు. ప్రధాని విదేశంలో ఉన్నారు, రక్షణ మంత్రి కృష్ణమీనన్ న్యూయార్క్‌లో ఉన్నారు. యుద్ధానికి దారితీసిన ఆ ఉత్తర్వు మీద సంతకం చేసింది రక్షణశాఖలో ఒక జాయింట్ సెక్రటరీ. పక్కవాడితో హద్దు తేల్చుకోని చోట, మన మ్యాపే మనకు ఎదురు చెబుతున్న చోట, ఒక ఫైలు మీద బ్రిగేడ్‌ను దింపారు. అక్టోబరు 12న సింహళం వెళ్తూ విమానాశ్రయంలో నెహ్రూ విలేకరులకు ఖాళీ చేయించమని సైన్యానికి చెప్పామన్నారు. ఒక డివిజన్ అధికారికి ఉన్న సందేహానికి జవాబు ఇవ్వనివారు పత్రికలకు మాత్రం జవాబిచ్చారు.

దించిన బ్రిగేడ్ పరిస్థితి ఏమిటి? బ్రిగేడియర్ జాన్ దల్వీ కింద ఉన్న ఏడో బ్రిగేడ్ జవాన్ల ఒంటి మీద నూలు బట్టలు, మనిషికి ఒక దుప్పటి, జేబులో యాభై తూటాలు. రోడ్డు తవాంగ్‌తో సరి. అక్కడి నుంచి కాలినడకన కనుమలు దాటి రోజుల ప్రయాణం. అందుకే సరుకంతా త్సాంగ్‌ధార్ అనే ఎత్తయిన మెట్ట మీద విమానాల నుంచి విడిచారు. ఆ మెట్ట చిన్నది, గాలి ఎక్కువ. పారాచూట్లు పక్క లోయల్లోకి జారిపోయి చాలా సరుకు దక్కనే లేదు. దక్కినదాన్ని ఏటి ఒడ్డుకు దించడానికి కూలీలు చాలలేదు. మంచు కోట్లు కొందరికే అందాయి. అవతల చైనా ట్రక్కులు థగ్లా వెనక దగ్గరి దాకా వచ్చేవి. అక్టోబరు 20 తెల్లవారుజామున దాడి మొదలై కొన్ని గంటల్లో నామ్‌కా చూ గట్టు ఖాళీ అయింది. దల్వీ 22న పట్టుబడ్డారు. 20వ తేదీనే, అదే వేళ లద్దాఖ్‌లోనూ చైనావాళ్లు దాడి చేశారు.

ఆ తర్వాత కథ పాఠకులకు తెలిసిందే. తవాంగ్ పోయింది, నవంబరు మధ్యలో వలాంగ్, సేలా, బొండిలా పోయాయి, రెజాంగ్‌లాలో మేజర్ షైతాన్ సింగ్ కంపెనీ దాదాపు మొత్తం నేలకొరిగింది. తేజ్‌పూర్‌లో స్టేట్ బ్యాంకు నోట్లు తగలబెట్టి ఊరు ఖాళీ చేశారు. ఒక్క సేలా విషయం మాత్రం చెప్పాలి. 13 వేల అడుగులకు పైన ఉన్న కనుమ అది, ఎదురుగా వస్తే పడగొట్టడం కష్టం. చైనావాళ్లు ఎదురుగా రాలేదు. తూర్పున బెయిలీ దారి అనే పాత కాలిబాట పట్టి, థెంబాంగ్ మీదుగా వచ్చి, సేలాకూ బొండిలాకూ మధ్య రోడ్డు కోసేశారు. వెనక రోడ్డు తెగిందనగానే పైన కనుమ చేతులు మారింది. ఆ బాట మీద 1913లో నడిచి హద్దు కోసం సర్వే చేసింది బెయిలీ, మోర్స్‌హెడ్ అనే మన ఇండియా బ్రిటిష్ అధికారులే.

ఇక యుద్ధం ఎలా ఆగిందన్నది. నవంబరు 20 అర్ధరాత్రి దాటాక చైనా తనంతట తానే కాల్పుల విరమణ ప్రకటించింది. డిసెంబరు 1 నుంచి వెనక్కి జరుగుతామంది, 1959 నవంబరు 7 నాటి వాస్తవాధీన రేఖకు 20 కిలోమీటర్లు వెనక్కి. అమెరికా విమానాలు దిగడం వల్ల భయపడిందని కొందరు, ప్రపంచం ఒత్తిడి పనిచేసిందని కొందరు అంటారు. కొంత ఉండొచ్చు. నాకు మాత్రం ముఖ్యంగా కనిపించేవి రెండు. మొదటిది, మంచు. టిబెట్ నుంచి వచ్చే కనుమలు మూసుకుంటే బ్రహ్మపుత్ర మైదానంలోకి దిగిన సైన్యానికి వెనక తిండి రాదు, ముందు మాత్రం మన రైళ్లు, ట్రక్కులు, అప్పటిదాకా దాడికి దింపని మన యుద్ధ విమానాలు. బూమ్‌లా నుంచి తవాంగ్‌కు వాళ్లు యుద్ధం మధ్యలోనే రోడ్డు వేసుకున్నారు, అయినా అది చలికాలానికి చాలేది కాదు. రెండోది ఇంకా ముఖ్యం. తూర్పున గెలిచిన నేలంతా వదిలేసి పోయారు, పడమట అక్సాయ్‌చిన్ మాత్రం అంగుళం వదల్లేదు. వాళ్లకు కావలసిన రోడ్డు ఆ పడమటే ఉంది. ధోలా వాళ్లకు సాకు. ఆ సాకును మన చేత్తో మనమే అందించాం. ప్రభుత్వ లెక్క ప్రకారం 1,383 మంది చనిపోయారు, 1,696 మంది జాడ తెలియలేదు, 3,968 మంది బందీలయ్యారు.

ఇలా అంటే దెబ్బతిన్నవాడినే తప్పుపడుతున్నావంటారు. రెండు వేల మైళ్ల హద్దు మీద ఒకే తెల్లవారుజామున దాడి చేసినవాడు నెలల ముందే సిద్ధమై ఉన్నాడు, ధోలా లేకపోతే ఇంకోటి వెతుక్కునేవాడంటారు. నిజమే, సిద్ధమై ఉన్నాడు. కాలు దువ్వుతున్నవాడి ముందు సరిహద్దు కాగితం పక్కాగా పెట్టుకోవడమా, కాగితం లేకుండా నూలు బట్టల జవాన్లను లోయలో దింపడమా? ఆ ఎంపిక మన చేతిలోనే ఉండింది.

ఆ యుద్ధం మన నేలను కూడా చీల్చింది. 1961 ఏప్రిల్‌లో కమ్యూనిస్టు పార్టీ ఉమ్మడిగా చేసుకున్న ఆఖరి మహాసభ విజయవాడలో జరిగింది. మూడేళ్లు తిరిగేసరికి, 1964 జూలైలో, విడిపోయినవారి సదస్సు తెనాలిలో జరిగింది. సిద్ధాంత విభేదాలు ముందు నుంచీ ఉన్నా, చైనా ప్రశ్న మీద ఎవరు జైలుకు పోయారు, ఎవరు పోలేదు అన్న గాయం ఆ చీలికను ఖాయం చేసింది. థగ్లా కొండ దగ్గర అర అంగుళం తేడాకు ఇంత దూరం లెక్క ఉంది.

పాఠం నేర్చుకున్నామా? 1993లో వాస్తవాధీన రేఖ దగ్గర శాంతి ఒప్పందం చేసుకున్నాం. ఆ రేఖ ఎక్కడుందో మ్యాపులు మార్చుకున్నది మాత్రం మధ్య సెక్టారుకే. 2002లో పడమటి సెక్టారు మ్యాపులు బల్ల మీదకు వచ్చి, ఒకరివి ఒకరు చూసుకుని, వెనక్కి తీసుకుపోయారు. ఆ పడమటి సెక్టారులోనే 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో మన జవాన్లు 20 మంది చనిపోయారు. వారిలో ఒకరైన 16 బిహార్ బెటాలియన్ కమాండింగ్ ఆఫీసర్ కల్నల్ సంతోష్‌బాబుది సూర్యాపేట, విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్లే ప్రతి బస్సూ దాటే ఊరు. 2017లో సిక్కిం, భూటాన్ పక్కన డోక్లాంలో 73 రోజులు ఎదురెదురుగా నిలబడింది కూడా ఇలాంటి తగవు మీదే. బ్రిటన్, చైనాల 1890 ఒప్పందంలో హద్దు గిప్‌మోచి కొండ దగ్గర మొదలవుతుందని ఒక పేరు ఉంది, నీళ్లు విడిపోయే శిఖరాల వెంట పోతుందని ఒక సూత్రం ఉంది. రెండూ ఒకచోట పడవు. చైనా పేరును పట్టుకుంది, మనం సూత్రాన్ని పట్టుకున్నాం. సరిగ్గా థగ్లా తగవే.

ఇంటి దగ్గరా ఇదే జబ్బు. 2020 డిసెంబరులో జగ్గయ్యపేట దగ్గర తక్కెళ్లపాడులో మొదలైన భూముల రీసర్వేలో డ్రోన్లు, ఉపగ్రహాల సాయంతో కొలిచే రోవర్లు అన్నీ మంచివే. గొలుసుతో కొలిచిన వందేళ్ల నాటి ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతల పుస్తకం) కన్నా రోవర్ కొలత నూరు రెట్లు నయం. కానీ కొలత బాగున్నంత మాత్రాన హద్దు తేలదు. గట్టు మీద ఇద్దరు రైతులూ నిలబడి ఔనంటేనే తేలుతుంది. తొందరలో ముగ్గురు నలుగురి భూమిని కలిపి ఒకే ఎల్‌పీఎం (భూమి ముక్క మ్యాపు) నంబరు వేసిన ఊళ్లలో ఆ రైతులు అమ్ముకోలేక, పంచుకోలేక తహసీల్దారు ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు. రెవెన్యూ సదస్సుల్లో వచ్చిన అర్జీల్లో విస్తీర్ణం తగ్గిందన్న గోడు ఎంత ఉందో చూడండి. నోటీసును తంతుగా చూసిన చోటే ఈ గొడవలన్నీ.

అందుకే ఢిల్లీలో వేస్తామన్న బృందం మీద నాకు ఆశ. వాళ్లు ముందు సులువుగా ఒప్పందం కుదిరే సిక్కిం ముక్క తేల్చవచ్చు, తప్పు లేదు. దానితో ఆగిపోతే మాత్రం ఒప్పుకోకూడదు. 2002లో వెనక్కి తీసుకున్న పడమటి సెక్టారు మ్యాపులు మళ్లీ బల్ల మీదకు రావాలి. తేడా ఉన్న ప్రతి చోటా ఎవరి గీత ఎక్కడుందో, ఎంత మేర తేడానో ఇద్దరూ సంతకం చేసిన జాబితా తయారు కావాలి. అది ఒప్పందం కానక్కర్లేదు, అభ్యంతరాల జాబితా అయితే చాలు. ఆ జాబితాలో ఉన్న ఏ చోటులోనూ, జవాబు రాని సందేహం ఒక్కటి ఫైలులో ఉన్నంత కాలం, కొత్త పోస్టు పెట్టమని ఎవరూ సంతకం చేయకూడదు.