మెగ్గర్ బాగా చూపిస్తే సరిపోదు

"కేబుల్ పేలింది, కంపెనీ మాల్ బాలేదు" అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఏళ్ల తరబడి భూమిలో 11 కేవీ, 33 కేవీ కరెంటు కేబుళ్లు వేయిస్తున్నా. నేను తవ్వించి చూసిన ఫాల్టులు ఎక్కువగా రెండు కేబుల్ ముక్కలు కలిపిన జాయింట్ల దగ్గరే, లేదంటే జేసీబీ పళ్లు తగిలిన చోట.

పోయిన వానాకాలం ఒక కాలనీలో పేలిన జాయింటు విప్పించాను. స్లీవు కోసి తీస్తే, నల్లటి సెమికాన్ పొర (కార్బన్ కలిపిన, కొద్దిగా కరెంటు పారే పొర) ఆగిన అంచు దగ్గర ఇన్సులేషన్ చుట్టూ కత్తి గాటు, గోటితో గీసినంత సన్నగా. అక్కడి నుంచి కండక్టర్ దాకా మాడిన దారి. 11 కేవీ కేబుల్లో ఆ ఇన్సులేషన్ మందమే 3.6 మిల్లీమీటర్లు! గాటులో గాలి ఇరుక్కుంటే లైన్ ఛార్జ్ చేసిన రోజు నుంచే అందులో చిన్న చిన్న మెరుపుల్లా డిశ్చార్జి మొదలై లోపల్లోపల తినేస్తుంది. నెలలు పట్టొచ్చు, ఏళ్లు పట్టొచ్చు.

ఆ జాయింటు వేసిన రాత్రి నేనూ ఉన్నాను. పైన టార్పాలిన్, గుంతలో మోకాలి లోతు నీళ్లు, బకెట్‌తో తోడుతున్నారు. పది నిమిషాలకోసారి ఫోన్: "ఇంకెంతసేపు?" కేబుల్ అతికే జాయింటర్ అడిగింది ఒక్కటే: "సార్, శుభ్రంగా తుడుచుకోనివ్వండి." ఇన్సులేషన్ నుంచి సెమికాన్ వైపే తుడవాలి. అదే గుడ్డ వెనక్కి వస్తే కార్బన్ ఇన్సులేషన్‌కు అంటుకుంటుంది. అంత ఓపికతో చేయాల్సిన పనిని మేం తరిమి తరిమి చేయించాం.

తర్వాత ఇన్సులేషన్ నిరోధం కొలిచే 5 కేవీ మెగ్గర్ పెట్టారు, వేల మెగోమ్‌లు చూపించింది, ఓకే రాసేశారు. పొడిగా ఉన్న గాటు మెగ్గర్‌కు కనపడదండీ! కొందరు ఇప్పటికీ డీసీ హైపాట్ (ఎక్కువ డీసీ వోల్టేజి పెట్టి చూసే పరీక్ష) అంటారు. అది పేపర్ ఇన్సులేషన్ కేబుళ్ల కాలం నాటి అలవాటు. పాతబడిన ఎక్స్‌ఎల్‌పీఈ (ఇప్పటి ప్లాస్టిక్ ఇన్సులేషన్) కేబుల్‌కి డీసీ పెడితే ఇన్సులేషన్‌లో ఛార్జ్ నిలిచిపోయి, మళ్లీ ఏసీ ఇచ్చాక పేలే ప్రమాదం ఉంది. కొత్తగా వేసిన 11 కేవీ కేబుల్‌కు 0.1 హెర్ట్జ్ వీఎల్‌ఎఫ్ (చాలా తక్కువ ఫ్రీక్వెన్సీ ఏసీ పరీక్ష) మీద 19 కేవీ, 15 నిమిషాలు పెట్టండి. పార్షియల్ డిశ్చార్జ్ (గాటులో జరిగే ఆ చిన్న డిశ్చార్జి) కూడా కొలిస్తే ఇలాంటి గాటు పేలకముందే దొరికే అవకాశం ఉంది. కానీ మెషిన్ అద్దె ఎక్కువంటారు. రోడ్డు మళ్లీ తవ్వే ఖర్చు ఎవరూ లెక్కేయరు.

వానలో ఎండ్ క్యాప్ (కేబుల్ చివర మూత) లేకుండా డ్రమ్ము వదిలేయడం, రోలర్లు లేకుండా రోడ్డు మీద ఈడ్చడం, 90 సెంటీమీటర్లు తవ్వాల్సిన చోట రెండడుగులకే ఆపేయడం, ఇవన్నీ రోజూ చూస్తున్నవే.

ఇకపై నా సైట్‌లో గుంత ఎండి, టెంటు వేసేదాకా జాయింటర్ కత్తి పట్టడు. వీఎల్‌ఎఫ్ అయ్యేదాకా సప్లై ఇవ్వం. ఇంకో రెండు గంటలు కరెంటు రాదని కాలనీవాళ్లకు నేనే చెబుతా. తిట్లు పడాల్సి వస్తే నేనే పడతా, జాయింటర్‌కు మాత్రం ఫోన్ చేయకండి.