కాంప్లెక్స్ చేశారు సరే, ప్లేట్‌లోకి వెళ్ళాక అది అలాగే ఉందా?

మెటల్ కాంప్లెక్సుల (లోహానికి వేరే అణువులు అతుక్కుని ఏర్పడే పదార్థాల) మీద వచ్చే యూనివర్సిటీ థీసిస్‌లు ఓ నాలుగు తిరగేస్తే ఐదోదాంట్లో ఏముందో తెరవకుండానే చెప్పేయొచ్చు. ఆల్డిహైడ్‌కి అమైన్ కలిపి ఓ షిఫ్ బేస్ లిగాండ్ (లోహాన్ని పట్టుకునే అణువు), దానికి వరసపెట్టి కాపర్, నికెల్, కోబాల్ట్, జింక్, ఐఆర్ స్పెక్ట్రంలో అజోమిథైన్ (లిగాండ్‌లోని కార్బన్-నైట్రోజన్ బంధం) పీక్ కాస్త కిందికి జరిగితే మెటల్ పట్టుకున్నట్టే, మాగ్నెటిక్ మొమెంట్ 1.8 దగ్గరొస్తే కాపర్ టూ ప్లస్ ఓకే, ఇక ప్లేట్‌లో పెంచిన ఈ.కోలై బ్యాక్టీరియా మీద వేసి, అవి పెరగకుండా ఖాళీగా మిగిలిన జోన్ కొలిచి లిగాండ్ కన్నా కాంప్లెక్సే బాగా పనిచేసిందని రాసెయ్యడం. ఎందుకంటే లిగాండ్ పట్టుకున్న లోహం కణం పొరని సులువుగా దాటుతుందనే ట్వీడీ చెలేషన్ థియరీ ఉండనే ఉంది!

తప్పుడు డేటా అనట్లేదు. కానీ ఐఆర్ తీసింది పొడి మీద, బ్యాక్టీరియా మీద వేసింది డీఎంఎస్‌ఓ అనే సాల్వెంట్‌లో కరిగించి, ఈ రెండిట్లో ఉన్నది ఒకటే పదార్థం అని ఎవరు చూశారు? కాపర్ సాల్ట్ ఒక్కటే వేసినా బ్యాక్టీరియా చస్తుంది కదా, ఆ కంట్రోల్ (పోల్చి చూసే పరీక్ష) చాలా పేపర్లలో కనపడదు.

అందరూ ఇంట్రడక్షన్‌లో రాసుకునే సిస్‌ప్లాటిన్ అనే ప్లాటినం క్యాన్సర్ మందునే చూడండి. 1845లో పెయ్‌రోన్ చేసిన కాంపౌండ్ అది, 1893లో వెర్నర్ దాని నిర్మాణం తేల్చాడు, క్యాన్సర్‌తో సంబంధం ఎవరికీ తట్టలేదు. 1960ల్లో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో రోజెన్‌బర్గ్ బ్యాక్టీరియాకి కరెంట్ పెడితే అవి విడిపోకుండా దారాల్లా సాగాయి, కారణం కరెంట్ కాదు, ఎలక్ట్రోడ్ నుంచి కరిగిన ప్లాటినం అని ఆయన టీమ్ తవ్వి తీసింది. అంటే ద్రావణంలో నిజంగా ఏముందని అడగడం వల్లే 1978లో అమెరికాలో అప్రూవల్ వచ్చిన ఆ మందు దొరికింది. అది కూడా కణంలోకి వెళ్ళాక క్లోరైడ్ వదిలేసి నీటిని పట్టుకున్నాకే డీఎన్‌ఏకి అతుక్కుంటుంది, సీసాలో ఉన్న రూపం వేరు, పనిచేసే రూపం వేరు. పైగా డీఎంఎస్‌ఓలో కరిగిస్తే దాని పవర్ పోతుంది, అయినా మనకి డిఫాల్ట్ సాల్వెంట్ అదే.

ఫీల్డ్‌లో సరుకు లేదనుకుంటే పొరపాటు. ఆస్ట్రేలియాలో కో-యాడ్ అనే స్క్రీనింగ్ ప్రోగ్రామ్ 2020లో ఇచ్చిన లెక్కలో 906 మెటల్ కాంపౌండ్లలో 9.9 శాతం సూక్ష్మజీవుల మీద పనిచేశాయి, మామూలు ఆర్గానిక్ అణువుల్లో 0.87 శాతమే. ఇంత తేడా ఉన్నచోట జోన్ సైజుతో ఆగిపోవడం ఏంటో!

స్టూడెంట్‌ని అని లాభం లేదు, టైమ్‌కి పేపర్ రావాలి, నిర్మాణం తేల్చడానికి క్రిస్టల్ రాదు, కాపర్ టూ ప్లస్‌కి ఎన్‌ఎంఆర్ స్పెక్ట్రం సరిగ్గా పడదు. కానీ యూవీ మెషిన్ ల్యాబ్‌లో ఉంటుంది కదా, డీఎంఎస్‌ఓలో ఒకసారి, బ్యాక్టీరియా పెంచే మీడియాలో 24 గంటలు ఉంచి ఇంకోసారి స్పెక్ట్రం తీసి కాంప్లెక్స్ అలాగే ఉందా అని చూడటానికి కొత్త గ్రాంటేం అక్కర్లేదు.