తప్పుకు పుట్టిల్లు ముఖ్యం

పాత నాణేల్లో చిన్న చిన్న ముద్రణ లోపాలను పట్టే విద్యను పనిలేని వాళ్ళ కాలక్షేపంగా కొట్టిపారేయడం ఘోరమైన అన్యాయం. తప్పును ఇంత శాస్త్రోక్తంగా విచారించే రంగం మరొకటి లేదు. అక్కడ ఎవరూ తప్పు ఎందుకు జరిగిందని నిలదీయరు, ఎక్కడ పుట్టిందని మాత్రమే అడుగుతారు. టంకశాల గోడల లోపల, అచ్చులోనో లోహపు బిళ్ళలోనో పుట్టిన తప్పయితే అది వంశం గలది, నాణేలు సేకరించేవాళ్ళు కళ్ళకద్దుకునేది. గడప దాటాక జరిగిన తప్పయితే, చూపులకు అచ్చం అలాగే ఉన్నా సరే, అది ఉత్త దెబ్బతిన్న నాణెం.

ఈ వంశ విచారణలో కనికరం ఉండదు. అక్షరాలు రెండేసిగా కనబడగానే సంబరపడేవాడు ఇంకా పసివాడు. అచ్చు తయారుచేసేటప్పుడే, దానిలో బొమ్మను నొక్కే మూలముద్ర రెండోసారి కాస్త పక్కకు పడి ఉంటే, రెండో రూపం కూడా మొదటిదానిలాగే గుండ్రంగా ఉబ్బి ఉంటుంది, అక్షరాల కొసల్లో చిన్న చీలిక కనిపిస్తుంది. అది డబుల్ డై. అలా కాక నాణెం కొట్టే క్షణంలో వదులుగా ఉన్న అచ్చు కదిలితే, అక్షరం పక్కన చదునైన మెట్టులాంటిది మిగులుతుంది. అది మెషిన్ డబ్లింగ్, అంటే టంకశాలలో పుట్టి కూడా వారసత్వానికి నోచుకోని సంతానం. 1955లో అమెరికాలోని ఫిలడెల్ఫియా టంకశాల నుంచి బొమ్మవైపు తేదీతో సహా అక్షరాలన్నీ జంటగా కనిపించే ఒక సెంటు నాణేలు వేల సంఖ్యలో బయటికి వచ్చాయి. మొదటి రకానికి చెందినవి కాబట్టి వాటికి నేటికీ రాజమర్యాదలే.

అంచు తెగిన నాణెం తెచ్చినవాడికీ పరీక్ష తప్పదు. బిళ్ళను రేకులోంచి కత్తిరించేటప్పుడే ముక్క పోయి ఉంటే, దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న అంచు కూడా సాధారణంగా పలచబడి ఉంటుంది, ఎందుకంటే అంచును పైకి లేపే యంత్రానికి అక్కడ తగినంత ఒత్తిడి అందదు. ఎదుటి అంచు నిండుగా ఉందంటే, ఎవరో ఇంట్లో కూర్చుని ఆకురాయితో శ్రమపడ్డారేమోనని అనుమానించాలన్నమాట. పాపం, ఆ శ్రమకు గుర్తింపు లేదు.

డెన్వర్ టంకశాల 1937లో చేసిన ఘనకార్యం మరీ ముచ్చటైనది. అక్కడ అచ్చును అతిగా సానపట్టడంతో అయిదు సెంట్ల నాణెం మీది అడవిదున్నకు ముందు కాలొకటి మాయమైంది, గిట్ట మాత్రం నేలమీదే ఉండిపోయింది. ఆ తర్వాత మామూలు నాణేల మీది దున్నల కాళ్ళు గీకేసే పరిశ్రమ వెలిసింది. అయితే అసలు కుంటిదున్న పొట్టకింది నుంచి నేలదాకా ఉబ్బెత్తు చుక్కల వరుస ఒకటి కారుతున్నట్టు ఉంటుంది. పండితులు కాలి సంగతి పక్కనపెట్టి, గంభీరంగా కళ్ళద్దాలు సవరించుకుని, ముందు ఆ ధారనే వెతుకుతారు.

కనుక టంకశాలల అధిపతులకు ఒక విన్నపం. తనిఖీలు పెంచి ఈ విద్యను చంపవద్దు. పూటకొక ఉద్యోగిని కునికిపాట్లకు ప్రత్యేకంగా నియమించండి, అయితే అతని మీద గట్టి నిఘా కూడా ఉంచండి. అతను మరీ శ్రద్ధగా కునికితే మూడుకాళ్ళ దున్నే మామూలుదైపోయి, నాలుగు కాళ్ళున్నదాని కోసం మేం భూతద్దాలు పట్టుకోవలసి వస్తుంది.