ఉట్రెక్ట్ ర్యాంకింగ్ నుంచి తప్పుకుని సరైన పని చేసింది

నెదర్లాండ్స్‌లో ఉట్రెక్ట్ యూనివర్సిటీ 2023లో టైమ్స్ హయ్యర్ ఎడ్యుకేషన్ ర్యాంకింగ్‌కి (ప్రపంచంలో యూనివర్సిటీలకి ఏటా నంబర్లిచ్చే లిస్టు) డేటా ఇవ్వడం మానేసింది. దాంతో లిస్టులో పేరే లేకుండా పోయింది. మాస్టర్స్‌కి యూరప్ చూసుకుంటున్న మన పిల్లలు "ఏంటి సార్, ఆ యూనివర్సిటీ పడిపోయిందా?" అని అడుగుతున్నారు. పడిపోలేదమ్మా, వాళ్ళే వద్దనుకున్నారు. మళ్ళీ మళ్ళీ అదే ప్రశ్న వస్తోంది కాబట్టి ఒకేసారి ఇక్కడ రాసేస్తున్నా, కొంచెం పొడుగే, ఓపికున్నవాళ్ళు చదవండి.

ఉట్రెక్ట్ 1636లో పెట్టిన యూనివర్సిటీ. ఏడు ఫ్యాకల్టీలున్నాయి. వెటర్నరీ ఉంది, ఆ దేశం మొత్తానికి పశువైద్యులని తయారుచేసేది అదొక్కటే. గ్రీన్‌లాండ్ మంచు ఎంత కరుగుతోందో లెక్కలు కట్టేవాళ్ళున్నారు, లా ఉంది, ఫిలాసఫీ ఉంది, చరిత్ర ఉంది, సెర్న్‌లో (జెనీవా దగ్గరున్న పెద్ద కణ భౌతికశాస్త్ర ప్రయోగశాల) అలిస్ అనే ప్రయోగంలో పనిచేసే ఫిజిక్స్ వాళ్ళున్నారు, పెద్దాసుపత్రి ఉంది. ఇప్పుడు వీళ్ళందరి రీసెర్చి కలిపి ఒక్క నంబర్‌లో చెప్పమంటే ఎలా చెప్తాం? ఇన్ని సబ్జెక్టులున్న యూనివర్సిటీ నాణ్యతని ఒకే నంబర్‌లో పట్టుకోవడం కుదిరే పని కాదు, పైగా ర్యాంకింగులు పోటీకి పెద్దపీట వేస్తున్నాయి, మాకు కావాల్సింది కలిసి పనిచేయడం, రీసెర్చిని అందరికీ తెరిచి పెట్టడం అని వాళ్ళు చెప్పారు. నేను దీంతో నూటికి నూరుపాళ్ళూ ఏకీభవిస్తాను.

ఎందుకో చెప్తా. 2015లో సెర్న్‌లో అట్లాస్, సీఎంఎస్ టీములు రెండూ కలిసి హిగ్స్ బోసాన్ అనే కణం ద్రవ్యరాశి మీద ఒక పేపర్ వేశాయి. ఆథర్లు 5,154 మంది. పేపర్ 33 పేజీలు, అందులో ఫిజిక్స్ 9 పేజీలు, మిగతా 24 పేజీలూ ఆథర్ల పేర్లూ సంస్థల పేర్లే. తప్పేం లేదు, అంత పెద్ద యంత్రం అంతమంది లేకుండా నడవదు. కానీ అదే యూనివర్సిటీ గొడుగు కింద ఇంకో బిల్డింగులో ఒక చరిత్ర ప్రొఫెసర్ ఏళ్ళ తరబడి ఆర్కైవుల్లో కూర్చుని పాత దస్తావేజులు చదివి చదివి ఒక పుస్తకం రాస్తుంది, అదీ డచ్‌లో, ఎందుకంటే అది చదవాల్సింది ముందు అక్కడి జనం. ఆ పుస్తకానికి ఈ లెక్కల్లో చోటెక్కడ? షాంఘై ర్యాంకింగ్ అని ఇంకో ప్రపంచ లిస్టు ఉంది, అందులో అయితే 20 శాతం మార్కులు నేచర్, సైన్స్ అనే రెండు పత్రికల్లో పేపర్లకి, ఇంకో 30 శాతం నోబెల్, లెక్కల్లో ఇచ్చే ఫీల్డ్స్ మెడల్ వచ్చినవాళ్ళకి. అంటే సగం మార్కుల దగ్గర లా, చరిత్ర, భాషల వాళ్ళు దాదాపు లేనట్టే. పక్క ఊరు లైడెన్ నుంచి వచ్చే లైడెన్ ర్యాంకింగ్ వీటికంటే చాలా పద్ధతిగా చేస్తారు, నాకు వాళ్ళంటే గౌరవం, కానీ అందులో కూడా లెక్కలోకి వచ్చేవి ఇంగ్లీషు పేపర్లే.

ఈ భాష సంగతి చిన్నది కాదు. దీనికి ఉట్రెక్ట్‌లోనే ఒక కథ ఉంది, అన్నం తినేవాళ్ళం మనం తప్పకుండా తెలుసుకోవాల్సింది.

బెరిబెరి అని జబ్బు. కాళ్ళు పట్టు తప్పుతాయి, ఒళ్ళు వాస్తుంది, గుండె ఆగి చనిపోతారు. దీని కారణం కనుక్కోవడానికి 1886లో డచ్ ప్రభుత్వం జావాకి ఒక బృందాన్ని పంపింది, అందులో ఒకాయన ఉట్రెక్ట్ ప్రొఫెసర్ పెకెల్‌హారింగ్, ఆయనకి సాయంగా వెళ్ళిన కుర్ర డాక్టర్ క్రిస్టియాన్ ఐక్‌మన్. అప్పట్లో అందరూ ఇది సూక్ష్మజీవి వల్లే అనుకున్నారు. కొన్నాళ్ళకి ఐక్‌మన్ ల్యాబు దగ్గర పెంచుతున్న కోళ్ళకి అచ్చం ఇలాంటి జబ్బే వచ్చింది, నడవలేక తూలి పడిపోతున్నాయి. ఉన్నట్టుండి అవే కోలుకున్నాయి. ఆరా తీస్తే తేలిందేంటంటే, ల్యాబు మనిషి మిలిటరీ ఆసుపత్రి వంటగదిలో మిగిలిన పాలిష్ బియ్యం అన్నం తెచ్చి కోళ్ళకి పెడుతున్నాడు, ఈలోగా వంటవాడు మారాడు, కొత్తగా వచ్చినవాడు మిలిటరీ అన్నం బయటి కోళ్ళకి పెట్టడమేంటని ఇవ్వనన్నాడు, దాంతో ముడిబియ్యం వేశారు, కోళ్ళు లేచి తిరిగాయి. తర్వాత ఫోర్డర్‌మాన్ అనే డాక్టరు జావాలో వందకి పైగా జైళ్ళు తిరిగి ఎక్కడ ఏ బియ్యం పెడుతున్నారో, ఎక్కడ ఈ జబ్బు ఉందో చూశాడు, లెక్క సరిపోయింది. అప్పటికీ ఐక్‌మన్ మాత్రం బియ్యంలోని పిండిపదార్థంలోనే ఏదో విషం ఉంది, తవుడు దానికి విరుగుడు అనుకున్నాడు. విషం కాదు, తిండిలో ఉండాల్సిందేదో లేకపోవడమే జబ్బు అని 1901లో చెప్పింది గెరిట్ గ్రైన్స్, ఆయన రాసింది డచ్‌లో.

1905లో పెకెల్‌హారింగ్ ఎలుకల మీద ప్రయోగాలు చేసి, పాలల్లో మనకి తెలియని పదార్థం ఏదో ఉంది, అతి కొంచెం చాలు, అది లేకపోతే మిగతావన్నీ ఎంత పెట్టినా ప్రాణి బతకదు అని రాశాడు. విటమిన్ అనే పేరు పుట్టకముందే ఆ ఆలోచన కాగితం మీదుంది! డచ్ వైద్య పత్రికలో వచ్చింది కాబట్టి బయట దేశాల వాళ్ళ కంట పడలేదు. 1929లో నోబెల్ ఐక్‌మన్‌కీ (1898 నుంచి 1928 దాకా ఉట్రెక్ట్ ప్రొఫెసరే) ఇంగ్లండ్ శాస్త్రవేత్త హాప్కిన్స్‌కీ కలిపి ఇచ్చారు. ఇవాళ్టి సైటేషన్ల లెక్క (ఒక పేపర్‌ని మిగతావాళ్ళు ఎన్నిసార్లు ఉదహరించారన్నది) అప్పుడుంటే గ్రైన్స్, పెకెల్‌హారింగ్ ఇద్దరికీ ఏం మిగిలేది చెప్పండి. ఇదేదో జావా గొడవ అనుకోవద్దు, మన కోస్తా జిల్లాల్లో, అప్పటి ఉత్తర సర్కారుల్లో, ఈ బెరిబెరి బాగా ఉండేది. ఉప్పుడు బియ్యం తినేచోట్ల అంత ఉండేది కాదు, వడ్లు ఉడకబెట్టినప్పుడు పై పొరలో ఉన్న విటమిన్ గింజలోకి దిగుతుంది కాబట్టి.

ఇంకొకటి కూడా చెప్పాలి. 1971లో ఉట్రెక్ట్‌లోనే గెరార్డ్ ట్‌హోఫ్ట్ అని ఒక పీహెచ్‌డీ కుర్రాడు, గైడు వెల్ట్‌మన్ దగ్గర పనిచేస్తూ, కణ సిద్ధాంతంలో అనంతాలు వచ్చి లెక్కలు చెడిపోయే సమస్యని పట్టుకుని పరిష్కరించాడు. ఒకట్రెండు పేపర్లు, అంతే. ఇద్దరికీ నోబెల్ వచ్చింది 1999లో. మధ్యలో 28 ఏళ్ళు. ఏటేటా వచ్చే ర్యాంకు ఇలాంటి పనిని ఏ సంవత్సరం ఖాతాలో వేసుకుంటుంది?

ర్యాంకింగ్ కంటే ముందే, 2021లో, ఉట్రెక్ట్ ఇంకో గట్టి పని చేసింది. ఉద్యోగాలిచ్చేటప్పుడు, ప్రమోషన్లప్పుడు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ చూడం అంది. తెలియనివాళ్ళకి: ఒక పత్రికలో గత రెండేళ్ళలో వచ్చిన పేపర్లని ఈ ఏడాది సగటున ఎన్నిసార్లు ఉదహరించారో అదే ఇంపాక్ట్ ఫ్యాక్టర్. అది పత్రికకి సంబంధించిన సగటు, అందులో రాసిన మనిషి గురించి అది ఏమీ చెప్పదు. దాని బదులు టీమ్ పని, రీసెర్చి, సమాజానికి ఏం ఒరిగింది, పాఠం ఎలా చెప్తారు, నలుగురిని ఎలా నడిపిస్తారు ఇవన్నీ కలిపి చూస్తామన్నారు.

దీనికి ఎదురు కూడా గట్టిగానే వచ్చింది. ఆ ఏడాదే 170 మందికి పైగా డచ్ ప్రొఫెసర్లు, రీసెర్చర్లు బహిరంగ లేఖ రాశారు, కొలతలు తీసేస్తే తీర్పంతా ఇష్టాయిష్టాల మీద నడుస్తుంది, మా కుర్రాళ్ళు రేపు బయట దేశాల్లో అప్లై చేస్తే నష్టపోతారు అని. ఈ మాటని నేను తేలిగ్గా తీసుకోను. రికమండేషన్లతో పోస్టులు నిండటం చూసిన ఎవడికైనా తెలుసు, చేతిలో ఒక నంబర్ ఉంటే అండ లేని పిల్లాడికి అది కాస్త ధైర్యం. కాబట్టి ఒకే సబ్జెక్టులో, ఒకే వయసు రీసెర్చర్లని పోల్చేటప్పుడు సైటేషన్లని పక్కన ఒక సమాచారంగా పెట్టుకోండి, నాకు అభ్యంతరం లేదు. పశువైద్యాన్నీ ఫిలాసఫీనీ కలిపి కూడటమే నాకు మింగుడు పడనిది.

ఎందుకింత బాధ అంటే, నేను పనిచేసిన ఒక ఇంజనీరింగ్ కాలేజీలో అప్రైజల్ ఫారంలో మొదటి గడి "స్కోపస్ పేపర్లు ఎన్ని" (స్కోపస్ అంటే రీసెర్చి పత్రికల పేపర్లని నమోదు చేసే ఒక డేటాబేస్). మెకానికల్‌కీ, మ్యాథ్స్‌కీ, ఇంగ్లీషుకీ ఒకటే టార్గెట్, లేకపోతే ఇంక్రిమెంట్ ఆగుతుంది. ఇంగ్లీష్ మేడమ్‌కి వేరే దారి లేక ఆవిడ పేరు ఒక మెషీన్ లెర్నింగ్ పేపర్‌లో ఐదో ఆథర్‌గా చేర్చారు. ఫస్టియర్ పిల్లలకి, పల్లెటూళ్ళ నుంచి తెలుగు మీడియంలో చదివొచ్చిన పిల్లలకి, నాలుగు నెలల్లో స్టేజీ ఎక్కి మాట్లాడటం నేర్పిన మనిషి ఆవిడ. ఫారంలో దానికి ఒక్క గడి కూడా లేదు. ఆ పేపర్ చేతిలో పట్టుకుని ఆవిడ స్టాఫ్ రూంలో కూర్చున్న తీరు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ఉట్రెక్ట్ తర్వాత 2024లో జ్యూరిక్ యూనివర్సిటీ కూడా టైమ్స్ ర్యాంకింగ్ నుంచి బయటికొచ్చింది. సంతోషమే. కానీ సగం పనే అయింది. నెదర్లాండ్స్ ప్రభుత్వం బయట చదువుకున్నవాళ్ళకి ఉద్యోగం వెతుక్కోవడానికి ఏడాది వీసా ఇస్తుంది కదా, దానికి మీరు చదివిన యూనివర్సిటీ ఈ ర్యాంకింగుల్లోనే టాప్ 200లో ఉండాలి. ఉస్మానియా ఓవరాల్ జాబితాల్లో ఆ దరిదాపుల్లో లేదు. అక్కడ పిల్ల ఎంత మంచి థీసిస్ రాసినా ఆ థీసిస్ తెరిచి చూసేవాడు లేడు. ఒక్క నంబర్‌తో మమ్మల్ని కొలవొద్దు అన్న ఉట్రెక్ట్, ఆ నంబర్‌తోనే మన పిల్లల్ని గుమ్మం దగ్గర ఆపొద్దని తన ప్రభుత్వానికి కూడా అంతే గట్టిగా చెప్పాలి. ఉట్రెక్ట్‌లో చదువుతున్న మనవాళ్ళు స్టూడెంట్ కౌన్సిల్‌లో ఈ విషయం ఎత్తండి.