‘అసలైన లైట్‌సేబర్ వచ్చేసింది’ అన్న ప్రచారానికి ఖండన

1977లో విడుదలైన స్టార్ వార్స్ చిత్రంలో యోధులు చేతబట్టిన వెలుగు కత్తి, అంటే లైట్‌సేబర్, ఇప్పుడు నిజంగానే తయారైపోయిందని చెప్పే వాట్సాప్ సందేశం ఒకటి చాలాకాలంగా చేతులు మారుతోంది. పంపేవారిని బట్టి మాటలు కొంచెం మారుతున్నా వాదనల వరుస మాత్రం ఒకటే. లైట్‌సేబర్ అంటే లేజర్ కిరణాన్ని కత్తిలా నిలబెట్టడమేనని, 2013లోనే అమెరికా శాస్త్రవేత్తలు కాంతిని గట్టి పదార్థంగా మార్చి ఇందుకు దారి చూపారని, 2020లో కెనడా ఇంజనీర్లు ఉక్కును కోసే అసలు కత్తిని చేసి చూపారని, డిస్నీ సంస్థ కూడా మీట నొక్కగానే పిడిలోంచి పైకి లేచే కత్తిని బయటపెట్టిందని, కాబట్టి అభిమానులు చేసుకునే ప్లాస్టిక్ గొట్టాల కత్తులు వట్టి ఆటబొమ్మలని అది అంటుంది. చివరగా, పాడైపోయిన డీవీడీ రైటర్‌లోని లేజర్ డయోడ్‌ను, అంటే లేజర్ కిరణాన్ని పుట్టించే చిన్న భాగాన్ని, ఊడదీస్తే అసలు కత్తిని ఇంట్లోనే చేసుకోవచ్చని పిల్లలకు సలహా కూడా ఇస్తుంది.

ఇటువంటి నమూనా కత్తులను నేను కొన్నేళ్ళుగా స్వయంగా తయారు చేస్తున్నాను. ఈ సందేశంలో పేర్కొన్న సంఘటనలు చాలావరకు జరిగినవే, అందుకే చదివినవారికి నమ్మబుద్ధి అవుతుంది. అయితే వాటినుంచి తీసిన నిర్ణయాలు తప్పు, ఆ చివరి సలహా ప్రమాదకరం. అందువల్ల ఒక్కొక్క మాటనూ విడిగా పరిశీలించవలసి ఉంది.

లేజర్ సంగతి ముందుగా చూద్దాం. కాంతి సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. పిడిలోంచి బయలుదేరిన కిరణం ఒక మీటరు దూరాన్ని 3.3 నానోసెకన్లలో దాటిపోతుంది, అక్కడ దాన్ని ఆపేది ఏమీ లేదు కనుక గోడో కొండో అడ్డం వచ్చేదాకా సాగిపోతూనే ఉంటుంది. మీటరు దగ్గర ఆపాలంటే అక్కడొక అద్దాన్ని నిలబెట్టాలి, ఆ అద్దాన్ని పట్టుకోవడానికి ఒక కడ్డీ కావాలి, అప్పుడు ఎదురుగా వచ్చిన దేనికైనా ముందు తగిలేది ఆ కడ్డీయే. పైగా కిరణం పక్కనుంచి చూసేవారికి దానంతట అది కనబడదు. పెంకుటింటి కప్పు సందులోంచి దిగే ఎండపొడ గాలిలోని దుమ్మువల్లనే మనకు తెల్లని స్తంభంలా కనిపిస్తుంది, సినిమా హాలులో ప్రొజెక్టర్ గదినుంచి తెరవరకు సాగే వెలుగుదారి కూడా అంతే. దుమ్ము, పొగ, తేమ లేనిచోట లేజర్ కిరణం పక్కనున్నవాడి కంటికి నిండైన కత్తిలా కనిపించదు. ఇక రెండు కిరణాలను ఎదురెదురుగా తిప్పితే అవి ఢీకొనవు, ఒకదానిలోంచి ఒకటి దూరి వెళ్ళిపోతాయి. చిత్రంలో మనం చూసే కత్తి ఒక మీటరు దగ్గర ఆగుతుంది, శుభ్రమైన గదిలోనూ నిండుగా కనిపిస్తుంది, మరో కత్తి దెబ్బను కాస్తుంది. లేజర్‌కు ఈ మూడు లక్షణాలలో ఒక్కటీ లేదు.

రెండవ వాదన 2013 నాటి పరిశోధనది. హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన మిఖాయిల్ లుకిన్, అమెరికాలోని సాంకేతిక విద్యాసంస్థ ఎంఐటీకి చెందిన వ్లాదన్ వులెటిచ్ బృందం ఆ ఏడాది నేచర్ పత్రికలో ప్రకటించిన ప్రయోగం నిజంగా గొప్పది. గాలి తీసేసిన పాత్రలో రుబీడియం అనే లోహపు పరమాణువుల మేఘాన్ని పరమ శూన్య ఉష్ణోగ్రతకు, అంటే అంతకంటే తగ్గడం సాధ్యంకాని చల్లదనానికి, అతి దగ్గరగా చల్లబరచి, అందులోకి అతి బలహీనమైన కాంతిని పంపినప్పుడు, రెండు ఫోటాన్లు, అంటే కాంతి కణాలు, ఒకదానినొకటి ఆకర్షించుకుని జంటగా నడిచినట్టు వారు గమనించారు. 2018లో మూడు ఫోటాన్ల గుంపును కూడా చూడగలిగారు. ఈ ప్రవర్తనను సులభంగా వివరించడానికి లైట్‌సేబర్ పోలిక తెచ్చింది ఆ శాస్త్రవేత్తలే, పత్రికలు దాన్నే శీర్షికగా పెట్టాయి, ఆ శీర్షిక ఈనాటికీ తిరుగుతోంది. కానీ అక్కడ జరిగింది రెండు మూడు ఫోటాన్ల సంగతి, వాటి మధ్య ఆకర్షణను కలిగించింది ఆ పరమాణువులు, ఆ ప్రయోగం ఆశిస్తున్న ప్రయోజనం క్వాంటం కంప్యూటర్ల వంటి రంగాలలో ఉంది. దాన్ని ఉక్కు కోసే కత్తికి పునాదిగా చెప్పడం ఆ పరిశోధనకే అన్యాయం చేయడం.

కెనడా కత్తి విషయంలో తొందరపడకుండా మాట్లాడాలి, ఎందుకంటే వీడియో చూసినవారికి కళ్ళెదుట కనిపించేది నిజమే. ఆంటారియో రాష్ట్రంలోని హ్యాక్‌స్మిత్ అనే ఇంజనీర్ల బృందం 2020 అక్టోబరులో వీడియోలో చూపిన ఆ పరికరం ప్రొపేన్ వాయువును, ఆక్సిజన్‌ను కలిపి మండించే మంట. గాజు కరిగించి వస్తువులు చేసే కళాకారులు వాడే తరహా నాజిల్‌ను, అంటే వాయువు వెలువడే మూతిని, అందులో అమర్చారు. వాయువు సుడులు తిరగకుండా పొరలు పొరలుగా నేరుగా సాగేటట్టు ఆ నాజిల్ చేస్తుంది కాబట్టి మంట చెదరకుండా సన్నని కడ్డీలా పొడవుగా నిలుస్తుంది. దాని వేడి సుమారు 2200 డిగ్రీల సెల్సియస్. మంటలోకి స్ట్రాన్షియం క్లోరైడ్ చేరిస్తే ఎరుపు, బోరిక్ ఆమ్లం చేరిస్తే ఆకుపచ్చ, మామూలు ఉప్పు చేరిస్తే పసుపు రంగు వస్తాయి, పాఠశాల ప్రయోగశాలలో చేసే జ్వాలా పరీక్షలోని సూత్రమే ఇక్కడ పనిచేసింది. అయితే ఈ కత్తికి కావలసిన వాయువుల సిలిండర్లు పిడిలో పట్టవు, వీపుకు తగిలించుకున్న సంచిలో ఉంటాయి, అక్కడినుంచి గొట్టాలు చేతిదాకా వస్తాయి. అది ఉక్కును కోస్తుందనడంలో అబద్ధం లేదు. మన ఊళ్ళలోని ఏ వెల్డింగ్ షాపు ముందు నిలబడినా ఆక్సిజన్, ఎసిటిలీన్ మంటతో ఇనుప రేకును కోసే పనివాడు కనిపిస్తాడు, అతను కూడా ముందు లోహాన్ని ఎర్రగా కాల్చి ఆ తరువాతే కోత మొదలుపెడతాడు. ఒక్క వేటుకు తలుపు తెగిపడడం సినిమాలోనే జరుగుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, రెండు మంటలను ఒకదానిపై ఒకటి కొడితే అవి కలిసిపోతాయే తప్ప ఒకదాన్నొకటి ఆపవు.

ఆ తరువాత రష్యాకు చెందిన అలెక్స్ బుర్కన్ హైడ్రోజన్‌ను మండించి సుమారు 2800 డిగ్రీల వేడినిచ్చే పరికరాన్ని చేసి గిన్నిస్ రికార్డు పొందాడు. అది పూర్తి శక్తితో నిలిచేది 30 సెకన్లపాటే. హ్యాక్‌స్మిత్ బృందానికి వచ్చిన గిన్నిస్ గుర్తింపు కూడా ‘ప్రోటో లైట్‌సేబర్’ పేరుతోనే ఉంది, అంటే అది తొలి నమూనా అని చేసినవారే ఒప్పుకున్నారు. ఆ మాటను సందేశం రాసినవారు తీసివేశారు.

డిస్నీ కత్తి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 2021లో చూపిన ఆ పరికరం వెనుక ఉన్న ఆలోచన సంస్థ పొందిన పేటెంటులోనే వివరంగా ఉంది. వడ్రంగులు వాడే ఉక్కు టేపు ఎలా చుట్టుకుని, లాగితే గట్టిగా నిలుస్తుందో, అలాగే అర్ధ గొట్టం ఆకారంలో వంగిన రెండు పలుచని పట్టీలు పిడిలోని చక్రాలనుంచి విప్పుకుంటూ కలిసి గొట్టంగా ఏర్పడతాయి, వాటి మధ్య ఎల్‌ఈడీ పట్టీ పైకి లేస్తుంది. ఫ్లోరిడాలో 2022 మార్చిలో మొదలై 2023 సెప్టెంబరులో మూతపడిన స్టార్ వార్స్ హోటల్ ప్రదర్శనలో నటులు దీన్ని వాడారు. వెలిగి పైకి లేచే ఆ క్షణం కోసమే దాన్ని రూపొందించారు.

అభిమానులు చేసేవి వట్టి బొమ్మలన్న మాట దగ్గర నేను కొంతసేపు ఆగుతాను, ఎందుకంటే ఈ సందేశంలో నన్ను బాధపెట్టినది అదే. ‘అసలు’ కత్తి ఏది అని అడిగితే మొదటి చిత్రంలో వాడినదే అసలు కావాలి. 1970ల మధ్యలో లండన్‌లో ఆ చిత్రానికి సెట్ అలంకరణ చూసుకున్న రోజర్ క్రిస్టియన్, ఫోటో పరికరాల దుకాణంలో పత్రికల ఫోటోగ్రాఫర్లు వాడిన పాత గ్రాఫ్లెక్స్ కెమెరాల ఫ్లాష్ పిడులను చూసి, వాటికి అల్మరా తలుపుల కింద వాడే రబ్బరు పట్టీల ముక్కలను అంటించి కథానాయకుడి కత్తి పిడిని తయారు చేశాడు. బ్లేడు కోసం కర్రకు కాంతిని తిప్పికొట్టే పదార్థాన్ని అంటించి మోటారుతో తిప్పారు, అది చాలక ఆ వెలుగును తరువాత ఒక్కొక్క ఫ్రేములోనూ బొమ్మగీసి నింపారు. కత్తి గుంయ్‌మనే ధ్వనిని శబ్దకారుడు బెన్ బర్ట్ పాత ఫిల్మ్ ప్రొజెక్టర్ మోటారు హోరునుంచి, టీవీ పిక్చర్ ట్యూబు దగ్గర పాడైన మైకు తీగ పట్టిన రొదనుంచి కూర్చాడు, ఊపినప్పుడు మారే స్వరం కోసం స్పీకరు ముందు మైకును ఊపి రికార్డు చేశాడు. అంటే తొలి లైట్‌సేబరే దుకాణంలో దొరికిన వస్తువులతో చేసిన చేతిపని. 2015 నాటి స్టార్ వార్స్ చిత్రానికి వచ్చేసరికి నటుల ముఖాలపై వెలుగు సహజంగా పడాలని చిత్రీకరణ సమయంలోనే ఎల్‌ఈడీలతో వెలిగే బ్లేడులను వాడారు. ఈనాడు అభిమానులు తయారు చేసేదీ ఎల్‌ఈడీలతో వెలిగే బ్లేడే.

ఆ పనిలో ఉన్న నైపుణ్యం ఎంతో చెప్పాలి. పిడిని సాధారణంగా అల్యూమినియం కడ్డీనుంచి లేతు, అంటే లోహాన్ని తిప్పుతూ చెక్కే యంత్రం, మీద చెక్కిస్తారు. బ్లేడుకు వాడే గొట్టం పాలీకార్బనేట్ అనే గట్టి ప్లాస్టిక్‌ది, వెలుపలి వ్యాసం ఒక అంగుళం, మందం 2 లేదా 3 మిల్లీమీటర్లు. చూడడానికి అలాగే ఉండే యాక్రిలిక్ ప్లాస్టిక్ గొట్టాన్ని వాడితే దెబ్బకు పగిలి ముక్కలు ఎగురుతాయి. పిడి అడుగున ఒకే శక్తిమంతమైన ఎల్‌ఈడీని పెట్టి గొట్టమంతా వెలిగించడం ఒక పద్ధతి, అది గట్టి దెబ్బలకు ఆగుతుంది. రెండవ పద్ధతిలో, ప్రతి దీపాన్నీ విడిగా ఆజ్ఞాపించగల ఎల్‌ఈడీ పట్టీలను వీపుకు వీపు అంటించి గొట్టంలో దూరుస్తారు, అందువల్ల వెలుగు పిడినుంచి కొనదాకా పాకుతూ లేస్తుంది, దెబ్బ తగిలినచోటే మెరుపు వస్తుంది. మీటరుకు 144 దీపాలుండే పట్టీలు రెండు కలిస్తే 32 అంగుళాల బ్లేడులో సుమారు 230 దీపాలు ఉంటాయి. ఒక్కొక్కటి పూర్తి తెలుపులో 60 మిల్లీఆంపియర్ల దాకా కరెంటు తీసుకుంటుంది కనుక మొత్తం దాదాపు 14 ఆంపియర్లు అవుతుంది. నా మొదటి కత్తిలో తెలుపు పెట్టినప్పుడల్లా దీపాలను నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు ఆరిపోయి మళ్ళీ మొదలయ్యేది. వారం రోజులు వెతికిన తరువాత తప్పు ప్రోగ్రాములో లేదని, బ్యాటరీనుంచి వచ్చే తీగ మరీ సన్నగా ఉందని తెలిసింది. ఎక్కువ ప్రవాహాన్ని ఇవ్వగల 18650 రకం లిథియం సెల్‌ను మాత్రమే ఇందులో వాడాలి, పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలనుంచి ఊడదీసిన సెల్లులు ఇంత భారానికి వేడెక్కిపోతాయి.

దీపాలు చుక్కలు చుక్కలుగా కనబడకుండా గొట్టం లోపల పలుచని ఫోమ్ పొరను చుట్టడం, అది మరీ మందమై వెలుగును మింగకుండా చూడడం చేయి తిరిగితేగాని రాదు. పిడిలోని సౌండ్ బోర్డు, అంటే ధ్వనిని పుట్టించే ఎలక్ట్రానిక్ పలక, కదలికను పసిగట్టి, వేగాన్ని బట్టి రెండు హోరులను క్షణక్షణం కలుపుతూ పోతుంది, ఒకప్పుడు బెన్ బర్ట్ మైకు ఊపి సాధించిన స్వరభేదం ఇప్పుడు లెక్కల ద్వారా పుడుతోంది. 2019 ఫిబ్రవరిలో ఫ్రాన్సు కత్తిసాము సమాఖ్య లైట్‌సేబర్ పోటీలను అధికారికంగా గుర్తించింది, ఆ పోటీలలో వాడేది ఈ పాలీకార్బనేట్ కత్తులనే. దెబ్బ కాసేది, చేతికి బరువు తెలిసేది, ఇద్దరు మనుషులు భయం లేకుండా ఎదురెదురుగా నిలిచి ఆడగలిగేది ఇదొక్కటే. వట్టి బొమ్మ అని తీసిపారేసినది ఈ కత్తినే.

ఇక ఆ చివరి సలహా. డీవీడీ రైటర్‌లోని ఎరుపు డయోడ్ వందల మిల్లీవాట్ల కాంతినివ్వగలదు. కంటిరెప్ప సహజంగా మూసుకుని కంటిని కాపాడుతుందన్న లెక్కతో లేజర్ల భద్రతా వర్గీకరణలో రెండవ తరగతి లేజర్లకు పెట్టిన హద్దు 1 మిల్లీవాట్ మాత్రమే. దానికి వందల రెట్లున్న కిరణం రెప్ప పడేలోపే కంటి వెనుకనుండే రెటీనా పొరను కాల్చుతుంది, గాజుమీదా స్టీలు గిన్నెమీదా పడి తిరిగొచ్చినా కాల్చుతుంది, ఆ మచ్చ మానదు. 2010లో లైట్‌సేబర్‌ను తలపించే పిడితో ఒక వాట్ నీలి లేజర్ ఒకటి అమ్మకానికి వచ్చినప్పుడు, స్టార్ వార్స్ చిత్రాలను తీసిన లూకాస్‌ఫిల్మ్ సంస్థ అమ్మకందారుకు అభ్యంతర లేఖ పంపింది. అంతకుముందు 2005 మేలో ఇంగ్లండులో ఇద్దరు యువజనులు ట్యూబులైటు గొట్టాలలో పెట్రోలు నింపి వెలిగించి లైట్‌సేబర్లు చేయబోయి తీవ్రంగా కాలిపోయారు. ‘అసలైనది చేసుకోవచ్చు’ అన్న మాట పిల్లల చెవిన పడితే జరిగేది ఇదే.

పదేళ్ళ పిల్లవాడు ఇటువంటి కత్తి కావాలని అడిగితే పాలీకార్బనేట్ గొట్టం, చిన్న ఎల్‌ఈడీ పట్టీ, యూఎస్‌బీ పవర్ బ్యాంకుతో పెద్దవారి పక్కన కూర్చుని ఒక సాయంత్రంలో చేయగలిగేది ఉంది, ఆ వెలుగు చీకటి గదిలో అతనికి చాలు. ఆ సందేశాన్ని ఇప్పటికే పంపినవారు, తాము పంపిన ప్రతిచోటా, కనీసం డీవీడీ రైటర్ వాక్యాన్నైనా వెనక్కి తీసుకుంటున్నామని రాయాలని కోరుతున్నాను.