హాయి కోసమా, ఉపశమనం కోసమా? తాగుడును నడిపించే న్యూరోపెప్టైడ్లు

సరదాగా తాగించే రసాయనాలు వేరు, ఏళ్ల తరబడి అలవాటు పడ్డాక పొద్దున్నే సీసా పట్టించే రసాయనాలు వేరు. మద్యం వ్యసనానికి మందు దొరికిందన్న వార్త వచ్చిన ప్రతిసారీ ఈ తేడా మరుగున పడిపోతోంది.

న్యూరోపెప్టైడ్లంటే మెదడు కణాలు విడుదల చేసే చిన్న చిన్న అమైనో ఆమ్ల గొలుసులు. గ్లుటమేట్ లాంటి సందేశ రసాయనాలు రెప్పపాటులో పని ముగిస్తాయి. ఇవి అలా కాదు, నిదానంగా వ్యాపించి చాలాసేపు ప్రభావం చూపిస్తాయి. ఆ ప్రభావం ఎలా ఉంటుందన్నది అవి అంటుకునే గ్రాహకాన్ని, అంటే కణం మీద వాటిని అందుకునే చోటును బట్టి ఉంటుంది. బీటా ఎండార్ఫిన్, డైనార్ఫిన్ రెండూ ఓపియాయిడ్, అంటే నల్లమందు తరహా రసాయనాల కుటుంబానివే. మొదటిది మ్యూ గ్రాహకం ద్వారా హాయినిస్తుంది. రెండోది కప్పా గ్రాహకాన్ని పట్టుకుని దిగులు, చిరాకు పుట్టిస్తుంది.

మద్యం లోపలికి వెళ్లగానే పనిలోకి దిగేది ఎండార్ఫినే. మనుషుల మెదడులో ఇది నిజంగా జరుగుతోందని 2012లో పెట్ స్కాన్లతో చేసిన ఒక అధ్యయనం చూపించింది. సుఖానుభూతికి కీలకమైన న్యూక్లియస్ అకంబెన్స్‌లోనూ, కళ్ల వెనుక భాగాన ఉండే ఆర్బిటోఫ్రాంటల్ కార్టెక్స్‌లోనూ ఓపియాయిడ్లు విడుదలయ్యాయి. మ్యూ గ్రాహకాన్ని మూసేసే నాల్‌ట్రెక్సోన్‌కు అమెరికాలో మద్యం వ్యసన చికిత్సకు అనుమతి వచ్చింది మాత్రం అంతకు చాలా ముందే, 1994లో. ఫలితం గొప్పగా ఏమీ లేదు. దాదాపు 12 మందికి ఇస్తే ఒకరు మళ్లీ విపరీతమైన తాగుడులోకి జారకుండా ఆగుతారు. అయినా వైద్యంలో ఇది తీసిపారేయాల్సిన లెక్క కాదు. ఇంత పాత మందును వైద్యులు ఇప్పటికీ ఇంత తక్కువగా రాయడానికి కారణం సైన్సు కాదనీ, తాగుబోతుకు చికిత్సెందుకన్న చిన్నచూపేననీ నా అభిప్రాయం.

రెండో దశ కథ వేరు. ఏళ్ల తరబడి తాగుడుకు అలవాటు పడిన మెదడులో, మద్యం ఆగగానే, భయాందోళనలను నడిపే అమిగ్డాలా అనే భాగంలో సీఆర్ఎఫ్ అనే ఒత్తిడి పెప్టైడ్ పెరుగుతుంది. డైనార్ఫిన్ దానికి తోడవుతుంది. సాధారణంగా ఆందోళనను తగ్గించే న్యూరోపెప్టైడ్ వై మాత్రం చాలినంత పనిచేయదు. అప్పుడు మనిషి తాగేది సుఖం కోసం కాదు, ఆ బాధ తగ్గితే చాలని.

మద్యానికి బానిసలైన ఎలుకలకు సీఆర్ఎఫ్1 గ్రాహకాన్ని అడ్డుకునే మందులిస్తే తాగుడు తగ్గింది. బానిసలు కాని ఎలుకల్లో పెద్ద తేడా కనిపించలేదు. ఇంత చక్కని ఫలితం చూశాక ఆశలు పెరగడం సహజమే. కానీ మనుషులపై అలాంటి మందులైన పెక్సాసెర్‌ఫాంట్, వెరుసెర్‌ఫాంట్ రెండూ విఫలమయ్యాయని 2015, 2016లో వచ్చిన ఫలితాలు తేల్చాయి. వెరుసెర్‌ఫాంట్ ఒత్తిడి హార్మోన్ల స్పందనను తగ్గించింది, అంటే మందు శరీరంలో పనిచేసింది. తాగాలన్న కోరికను మాత్రం కదిలించలేదు. దీంతో చాలామంది సీఆర్ఎఫ్‌ను పక్కన పెట్టేశారు. నాకది తొందరపాటుగా అనిపిస్తుంది. ఎలుకల్లో కొలిచింది తాగిన పరిమాణాన్ని. మనుషుల్లో ప్రధానంగా కొలిచింది, ఆసుపత్రిలో ఉంచి ఒత్తిడి కలిగించినప్పుడు వాళ్లు చెప్పిన కోరికను. రెండూ ఒకటి కావు.

ఎవరికి ఏ మందు అన్న ప్రశ్నకు మొదట జన్యువుల్లో సమాధానం వెతికారు. మ్యూ గ్రాహక జన్యువులోని ఒక మార్పును బట్టి నాల్‌ట్రెక్సోన్ ఎవరికి పనిచేస్తుందో చెప్పొచ్చనుకున్నారు. దాన్ని నేరుగా పరీక్షించిన 2015 ట్రయల్‌లో ఆ ఆశ నిలవలేదు. జర్మనీలో జరిగిన ప్రెడిక్ట్ ట్రయల్ నేర్పింది ఇంకొకటి. అందులో నాల్‌ట్రెక్సోన్ మొత్తం మీద డమ్మీ మాత్ర కంటే మెరుగ్గా పనిచేయలేదు. తర్వాత అదే సమాచారాన్ని తాగే కారణాన్ని బట్టి విడదీసి చూస్తే, హాయి కోసం తాగేవాళ్లకు మందు ఉపయోగపడినట్టు తేలింది. అది మూసే గ్రాహకం ఏదో గుర్తుంటే ఇందులో ఆశ్చర్యమేమీ లేదు.

ఇప్పుడు అందరి దృష్టీ పేగులూ మెదడూ రెండూ తయారుచేసే జీఎల్‌పీ-1 పెప్టైడ్ మీద పడింది. ఆ పెప్టైడ్‌లా పనిచేసే సెమాగ్లూటైడ్ మందుతో 48 మందిపై 9 వారాలు జరిగిన ట్రయల్ ఫలితాలు 2025లో వచ్చాయి. తాగిన రోజున తాగే పరిమాణం తగ్గింది, కోరిక తగ్గింది, తాగిన రోజుల సంఖ్య మాత్రం తగ్గలేదు. అంతకుముందు 2022లో డెన్మార్క్‌లో 127 మందిపై పరీక్షించిన అదే కోవ మందు ఎక్సెనటైడ్ మొత్తం మీద పనిచేయలేదు, స్థూలకాయుల్లో మాత్రం విపరీతంగా తాగే రోజులను తగ్గించింది. కొందరికే పనిచేసే ఇలాంటి మందులను పెద్ద ట్రయల్స్‌లోకి తీసుకెళ్లేటప్పుడు పాల్గొనేవాళ్ల బరువుతో పాటు, వాళ్లు హాయి కోసం తాగుతున్నారా, బాధ తప్పించుకోవడానికా అన్నది కూడా మొదటి రోజే నమోదు చేయాలి. అందుకు స్కానూ అక్కర్లేదు, రక్తపరీక్షా అక్కర్లేదు, ఒక చిన్న ప్రశ్నావళి చాలు.