సాలీడుకు కండక్ట్ సర్టిఫికెట్

వేసవి సెలవులకు బెంగళూరు నుంచి తిరుపతి వచ్చిన మా మనవడు సంచీలో 4 జతల బట్టలు, 14 బొమ్మల పుస్తకాలు తెచ్చాడు. బట్టల సంగతి వాళ్ల అవ్వ చూసుకుంది. పుస్తకాల సంగతి నేను చూడక తప్పలేదు. 32 ఏళ్లు ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. నా ముందుకొచ్చిన కాగితం మీద ఓ రిమార్కు రాయకపోతే ఆ రాత్రి నిద్ర పట్టదు.

తీరా చూస్తే 14 పుస్తకాలూ మోసగాళ్ల కథలే. ప్రపంచంలో ఎక్కడెక్కడ టక్కరి, మాయలాడి, అబద్ధాలకోరు ఉన్నాడో వెతికి పట్టుకొచ్చి, రంగులద్ది, నవ్వు మొహం గీసి పిల్లల చేతికిచ్చారు. అంతటితో ఊరుకోలేదు. చివరి పేజీలో ఒక పెట్టె గీసి అందులో 'నీతి' అని రాశారు. ఆ పెట్టె చూడగానే నా ఉద్యోగం గుర్తొచ్చింది. 'ఇతను నాకు గత మూడేళ్లుగా తెలుసు, ఇతని నడవడిక సంతృప్తికరం' అని ఎన్ని వందల కాగితాలు రాసి ఆఫీసరు చేత సంతకం పెట్టించానో! వాళ్లలో ఒక్కడి మొహం కూడా నేను చూసి ఎరగను.

కాబట్టి కండక్ట్ సర్టిఫికెట్ల గురించి మాట్లాడే అర్హత నాకుంది. ఫైళ్లు వరుసగా పరిశీలించి నా అభ్యంతరాలు దాఖలు చేస్తున్నాను.

మొదటివాడు అనాన్సి. ఘనాలో అశాంతి జనం చెప్పుకునే సాలీడు. లోకంలోని కథలన్నీ ఆకాశదేవుడు న్యామే దగ్గరే ఉండేవట. అవి కొనుక్కుంటానని వెళ్లాడు ఈ సాలీడు. దేవుడు ధర చెప్పాడు: ఒక కొండచిలువ, ఒక చిరుతపులి, ఒక తుట్టెడు కందిరీగలు, కంటికి కనబడని ఒక అడవి దయ్యం. పెద్ద పెద్ద ఊళ్లవాళ్లే ఇచ్చుకోలేకపోయిన ధర అది. మనవాడు సొరకాయ బుర్రలో నీళ్లు తీసుకెళ్లి సగం తుట్టె మీద చల్లాడు, సగం తన నెత్తిన పోసుకున్నాడు. "వాన పట్టుకుంది, తడిసి చస్తారు, ఈ బుర్రలోకి వచ్చేయండి" అన్నాడు. వచ్చేశాయి. మూత పడింది. కొండచిలువ దగ్గరికి పోయి, నువ్వు పొడుగా ఈ కర్ర పొడుగా అని మా ఇంట్లో తగువు నడుస్తోంది, ఒకసారి పక్కన పడుకో అన్నాడు. పడుకుంది. కట్టేశాడు. దయ్యానికి జిగురు పూసిన బొమ్మ.

ఇదంతా ఎలా చెయ్యాలో సాలీడుకు చెప్పింది వాడి పెళ్లాం ఆసో. మా వాడి పుస్తకంలో ఆమె ఒకే ఒక్క గడిలో ఉంది: పొయ్యి దగ్గర, వెనక్కి తిరిగి. నీతి పెట్టెలో 'తెలివి ఉంటే చిన్నవాడైనా గెలుస్తాడు' అని ఉంది. ఎవరి తెలివి అని అడిగే ఆడిట్ పార్టీ లేదు.

ఇంకో సంగతి కూడా ఆ పెట్టెలో పట్టలేదు. ఈ కథలు బానిసల ఓడల్లో సముద్రం దాటి జమైకా చేరాయి. పగలంతా చెరుకు తోటల్లో కొరడా దెబ్బలు తిన్నవాళ్లు, రాత్రి కూర్చుని చిరుతపులిని గోతిలో పడేసిన సాలీడు గురించి చెప్పుకున్నారు. దొర చదివి మెచ్చుకునే నీతే అందులో ఉంటే వాళ్లు దాన్ని అంత దూరం మోసేవారా?

సరే, రెండో ఫైలు. లోకి అనే టక్కరి దేవుడు. ఇది పూర్తిగా రెవెన్యూ కేసు. ఐస్‌లాండ్ పాత పద్యాల ప్రకారం ఇతను దేవతల పెద్ద ఓడిన్‌తో రక్తం కలుపుకుని సోదరుడైనవాడు. ఓడిన్ కొడుకు థార్. అంటే లోకి థార్‌కు చిన్నాయన వరస. 1962లో మార్వెల్ వారి బొమ్మల కథల్లో అడుగుపెట్టాక ఏ తహసీల్దారును అడిగాడో ఏమో, థార్‌కు పెంపుడు తమ్ముడైపోయాడు. మా ఆఫీసులో తండ్రి పేరులో ఒక దీర్ఘం తేడా వస్తే అఫిడవిట్ అడిగేవాళ్లం. ఇక్కడ చిన్నాయన తమ్ముడైతే అడిగే దిక్కు లేదు! పైగా ఇతను ఒకప్పుడు ఆడగుర్రంగా మారి ఎనిమిది కాళ్ల గుర్రపుపిల్లను కన్నాడు. పుస్తకంలో ఆ గుర్రం ఉంది. ఎక్కడిదిరా అని మా వాణ్ణి అడిగితే "కొనుక్కున్నారేమో తాతా" అన్నాడు.

మూడో ఫైలు తెరిచినప్పుడు నా చేతులు వణికాయి. 16వ శతాబ్దపు చైనా నవలలోని సన్ వుకోంగ్ అనే కోతి. వీడు చావులోకానికి పోయి, అక్కడి చిట్టా తెప్పించుకుని, తన పేరూ తోటి కోతుల పేర్లూ సిరాతో కొట్టేశాడు. అసలు రికార్డునే! మారణకాండనైనా క్షమిస్తాను గానీ రిజిస్టరు దిద్దడాన్ని క్షమించను. అయితే ఒక్కచోట వాడి మీద జాలి కలిగింది. స్వర్గంలో గుర్రాలశాల అధికారి అని ఘనంగా ఉద్యోగమిచ్చారు. కొన్నాళ్లకు ఆరా తీస్తే అది ఏ హోదా లేని చాకిరీ అని తేలింది. నన్ను కూడా ఆరేళ్లు 'ఇన్‌చార్జ్' అని పిలిచి పాత జీతమే ఇచ్చారు. కోతి తిరగబడింది. నేను టీ తాగి వచ్చి కూర్చున్నాను. జపానులో 1984లో మొదలైన డ్రాగన్ బాల్ అనే బొమ్మల కథలో హీరో గోకు పేరు ఈ కోతి పేరే, జపాను ఉచ్చారణలో. అక్కడ టక్కరితనం తగ్గింది, కండలు పెరిగాయి. చాలామందికి అదే ప్రమోషన్.

మిగతావాళ్ల గురించి క్లుప్తంగా. కయోటీ అనే అడవి తోడేలు కథలు చలికాలంలో తప్ప చెప్పకూడదని అమెరికాలో నవాహో జనం నియమం. మా వాడు మే నెల మిట్టమధ్యాహ్నం, తిరుపతి ఎండలో, ఫ్యాను కింద చదివేశాడు. టర్కీలో చమత్కార కథల నస్రుద్దీన్ హోజా సమాధి ముందు పెద్ద తాళం ఉంటుంది, పక్కల గోడలుండవు. మా రికార్డు రూము కళ్ల ముందు కదిలి, ఆ బొమ్మకు నమస్కారం పెట్టుకున్నాను.

ఇక మన తెనాలి రామకృష్ణుడు. రాయలవారు ఏడుసార్లు తిరుమల కొండెక్కారు. ఆయనా, తిరుమలదేవీ, చిన్నాదేవీ చేతులు జోడించుకుని గుళ్లో ఇప్పటికీ నిలబడే ఉన్నారు. రామకృష్ణుడి విగ్రహం లేదు. ఉంటే చేతులు జోడించి మాత్రం ఉండేది కాదు. రాయలవారి తల్లి మామిడిపండు అడిగి, అది చేతికొచ్చేలోపు కన్నుమూసిందట. బంగారు మామిడిపండ్లు దానమిస్తే ఆత్మ శాంతిస్తుందన్నారు పురోహితులు. పుచ్చుకున్నారు కూడా. రామకృష్ణుడు వాళ్లనే ఇంటికి పిలిచి, "మా అమ్మ కీళ్లనొప్పులకు వాత పెట్టమని అడిగి, పెట్టేలోపే పోయింది" అని తలుపు గడియ వేసి, కాల్చిన కడ్డీతో తలా ఒక వాత పెట్టాడు.

మా వాడి పుస్తకంలో వాత లేదు. కడ్డీ దూరం నుంచి చూపించాడంతే. పురోహితులు సిగ్గుపడి బంగారం తిరిగిచ్చేశారు, చివరి బొమ్మలో అందరూ కలిసి మామిడిపండ్లు తింటున్నారు. నీతి: 'పెద్దల కోరిక వెంటనే తీర్చాలి.' చిత్తూరు జిల్లాలో బెంగళూర మామిడికాయల ట్రాక్టరుతో ఫ్యాక్టరీ గేటు ముందు రెండు రాత్రులు పడుకుని, చివరికి తరుగు తీసేసిన చీటీ పుచ్చుకున్న రైతును అడగండి, ఈ కథకు ఏ ముగింపు కావాలో.

అసలు తిరుపతివాళ్లకు వేషం కొత్తా? ఆడపిల్లల జోలికొచ్చిన పాలెగాడు భయంతో దాక్కుంటే, గంగమ్మ రోజుకో వేషం కట్టి వీధులు గాలించింది. చివరికి దొర వేషంలో వస్తే, దొరే కదా అని వాడు బయటికొచ్చి దొరికిపోయాడు. ఇప్పటికీ తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి వేషాలు కడతారు. మగవాళ్లు చీర కడతారు. వేషగాడు బూతులు తిడితే కోప్పడకూడదు, అది మొక్కు. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు నేనూ బండ వేషం కట్టాను. ఒళ్లంతా కుంకుమ పూసుకుని మా ఆఫీసరు వాకిట్లో నిలబడి, ఏడాదిపాటు గొంతులో దాచుకున్నవన్నీ దించేశాను. ఆయన చేతులు కట్టుకుని వినయంగా విన్నాడు. జాతర ముగిసిన మరునాడు నా బల్ల మీద మెమో ఉంది, ఆఫీసుకు ఆలస్యంగా వచ్చినందుకు. ఆ రోజు నేను అరగంట ముందే వచ్చాను. మా ఇద్దరిలో ఎవరు పెద్ద టక్కరో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఈ 14 మందినీ బస్సెక్కించి కాణిపాకంలో ప్రమాణం చేయిద్దామని కూడా ఆలోచించాను. సాలీడు ఏ చేయి పైకెత్తాలో తేలేలోపు కోతి ప్రమాణాల రిజిస్టరు అడుగుతుందేమోనని మానుకున్నాను.

ఈ అభ్యంతరాలు రాస్తుండగా మనవడు ఒక కాగితం తెచ్చాడు. "తాతా, స్కూలు ప్రాజెక్టు. ఇక్కడ సంతకం కావాలంట." పెట్టాను. అడక్కుండానే తేదీ కూడా వేశాను.

సాయంత్రం నా ఫోన్ కనబడలేదు. మనవడు కాగితం మడత విప్పి చూపించాడు. 'ఇతను నాకు గత 9 ఏళ్లుగా తెలుసు. ఇతని నడవడిక సంతృప్తికరం. సెలవులు ముగిసేవరకు రోజూ 2 గంటలు నా ఫోన్ ఇతనికి ఇవ్వడానికి నాకు ఎలాంటి అభ్యంతరం లేదు.'

"చదవకుండానే పెట్టేసినావే తాతా!"

సంతకం నాదే. కానీ బెంగళూరులో ఇంగ్లీషు మీడియం చదివే పిల్లవాడికి 'సంతృప్తికరం'లో ఒత్తులు అంత చక్కగా పడవు. వంటింట్లోకి తొంగిచూశాను. ఆవిడ పొయ్యి దగ్గర, వెనక్కి తిరిగి ఉంది.